మాంద్యం వేళ బడ్జెట్ చర్చ: ఖేడ్ బడి, ఖేడ్ కూలి

నారాయణఖేడ్: దసరా, దీపావళి పండుగలు ముగియగానే నారాయణఖేడ్ డివిజన్‌లోని తండాల్లోకి లారీలు, ట్రాక్టర్లు వచ్చి ఆగుతాయి. బియ్యం మూటలు, వంట పాత్రలు, కోళ్లు, మేకలతో సహా కుటుంబాలు చెరకు నరకడానికి బయలుదేరుతాయి. కొందరు జహీరాబాద్, కామారెడ్డి, నిజామాబాద్ వైపు, మరికొందరు సరిహద్దు దాటి కర్ణాటక, మహారాష్ట్ర తోటలకు వెళ్తారు. చక్కెర కర్మాగారాల్లో గానుగ ఆగేదాకా పొలాల గట్ల మీద గుడిసెలే వారికి ఇళ్లు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేటప్పుడు భార్యాభర్తలను కలిపి ఒక జంటగా లెక్కిస్తాడు. చంటిబిడ్డను చూసుకోవడానికి పెద్దపిల్ల, చెరకు కట్టలు అందించడానికి ఎదిగిన పిల్లవాడు వారి వెంట వెళ్తారు. బడి హాజరు పట్టీలో ఆ పిల్లల పేర్లు ఉంటాయి. తరగతి గదిలో మాత్రం వారు కనిపించరు.

ఈ కుటుంబానికి సంబంధించిన ప్రభుత్వ వ్యయం ఢిల్లీలో రెండు వేర్వేరు పద్దుల కింద ఉంటుంది. తల్లిదండ్రులకు ఊళ్లోనే పని చూపే సొమ్ము గ్రామీణాభివృద్ధి శాఖది. పిల్లలకు బడి, పుస్తకాలు, మధ్యాహ్న భోజనం సమకూర్చే సొమ్ము విద్యాశాఖది. ఆ రెండు పద్దులను వేర్వేరు మంత్రులు సభ ముందుంచుతారు, వేర్వేరు స్థాయీ సంఘాలు పరిశీలిస్తాయి. ఆర్థిక మాంద్యం వచ్చిన ఏళ్లలో ఈ విభజన ఎలాంటి ఫలితాలను ఇచ్చిందో చెప్పడానికి 2009, 2019, 2020 సంవత్సరాల బడ్జెట్లు సరిపోతాయి.

కూలికి పెరిగింది, బడికి ఆగింది

2008 సెప్టెంబరులో అమెరికాలో మొదలైన ఆర్థిక సంక్షోభం కొద్ది నెలల్లోనే భారతదేశాన్ని తాకింది. ఎగుమతులు పడిపోయాయి. కేంద్ర కార్మిక బ్యూరో జరిపిన నమూనా సర్వే ప్రకారం 2008 అక్టోబరు-డిసెంబరు మధ్య మూడు నెలల్లోనే సుమారు 5 లక్షల మంది ఉపాధి కోల్పోయారు. రత్నాభరణాలు, జౌళి, వాహన రంగాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. కేంద్రం 2008 డిసెంబరు 7న తొలి ఉద్దీపన ప్యాకేజీని, 2009 జనవరి 2న రెండోదాన్ని ప్రకటించింది. ఫిబ్రవరి 24న ఎక్సైజ్, సేవా పన్నులను మరోసారి తగ్గించింది. 2008 అక్టోబరు దాకా 9 శాతంగా ఉన్న రెపో రేటును రిజర్వు బ్యాంకు 2009 ఏప్రిల్ నాటికి 4.75 శాతానికి దించింది.

సరిగ్గా ఆ సమయంలోనే లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. నియోజకవర్గాల పునర్విభజనలో కొత్తగా ఏర్పడిన జహీరాబాద్ లోక్‌సభ స్థానంలోకి నారాయణఖేడ్, ఆందోల్, జహీరాబాద్‌తో పాటు నిజామాబాద్ జిల్లా వైపు నుంచి జుక్కల్, బాన్సువాడ, ఎల్లారెడ్డి, కామారెడ్డి చేరాయి. ఆ స్థానానికి తొలి ఎంపీగా కాంగ్రెస్ నుంచి సురేశ్ కుమార్ షెట్కార్ ఎన్నికయ్యారు. అంతకుముందు ఆయన నారాయణఖేడ్ శాసనసభ్యుడు. అంటే మాంద్యం నడుమ జరిగిన బడ్జెట్ చర్చలు మొదలయ్యేనాటికి ఈ ప్రాంతానికి ఢిల్లీలో ప్రాతినిధ్యం స్థానికుడిదే.

2009 జులై 6న ఆర్థిక మంత్రి ప్రణబ్ ముఖర్జీ ప్రవేశపెట్టిన పూర్తిస్థాయి బడ్జెట్‌లో కేంద్ర వ్యయం తొలిసారి 10 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ద్రవ్యలోటును స్థూల దేశీయోత్పత్తిలో 6.8 శాతంగా అంచనా వేశారు. 2003 నాటి ద్రవ్య బాధ్యత చట్టం లోటును 3 శాతానికి తేవాలని నిర్దేశించినా, మాంద్యం కారణంగా దాన్ని పక్కన పెట్టక తప్పలేదు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకానికి 39,100 కోట్లు కేటాయించారు. అంతకు ముందటి ఏడాది బడ్జెట్ అంచనా 16,000 కోట్లతో పోలిస్తే ఇది 144 శాతం పెరుగుదల అని మంత్రి సభకు తెలిపారు.

ఈ శాతాన్ని కొంత జాగ్రత్తగా చదవాలి. 2008 ఏప్రిల్ 1 నుంచి పథకం దేశంలోని అన్ని గ్రామీణ జిల్లాలకు విస్తరించింది. 16,000 కోట్లు చాలక ఏడాది మధ్యలో అదనపు నిధులు ఇవ్వవలసి వచ్చింది. ఆ ఏడాది ముగిసేసరికి కేంద్రం విడుదల చేసిన మొత్తం సుమారు 30,000 కోట్లకు చేరింది. దానితో పోల్చి చూస్తే అసలు పెరుగుదల మూడో వంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. బడ్జెట్ అంచనాతో బడ్జెట్ అంచనాను పోల్చడం ఆర్థిక మంత్రులందరికీ అలవాటే. సభలో దానిపై ప్రశ్నించేవారు తక్కువ.

అయినా పెరిగిన మాట వాస్తవం. మెదక్ జిల్లాకు ఈ పథకం కొత్త కాదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం ప్రారంభమైనప్పుడు తొలి విడతగా ఎంపికైన 200 జిల్లాల్లో ఉమ్మడి రాష్ట్రం నుంచి 13 ఉండగా వాటిలో మెదక్ ఒకటి. 2009లో వర్షాలు కూడా మొహం చాటేశాయి. దేశవ్యాప్తంగా నైరుతి వర్షపాతం సాధారణం కంటే 22 శాతం తగ్గింది. పట్టణాల్లో పని తగ్గి, పొలాల్లో పంట ఎండిన ఆ ఏడాది జాబ్ కార్డు ఉన్న ఇంటికి అది పెద్ద ఆసరా.

అదే బడ్జెట్‌లో సర్వశిక్షా అభియాన్ కేటాయింపు 13,100 కోట్లు. 2008-09లో పి.చిదంబరం కేటాయించిందీ 13,100 కోట్లే. ఒక్క కోటి పెరగలేదు, తగ్గలేదు. ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకుంటే తగ్గినట్లే.

ఇక్కడ మరో మెలిక ఉంది. సర్వశిక్షా అభియాన్ ఖర్చులో కేంద్రం, రాష్ట్రాల వాటా పదకొండో ప్రణాళిక తొలి రెండేళ్లలో 65:35గా ఉండేది. ముందుగా నిర్ణయించిన పట్టిక ప్రకారం 2009-10లో అది 60:40కి మారింది. ఆ మరుసటి ఏడాదికి 55:45గా, తర్వాత చెరి సగంగా మార్చాలన్నది ప్రణాళిక. మాంద్యం వల్ల అమ్మకం పన్ను, రిజిస్ట్రేషన్ల రాబడి తగ్గుముఖం పట్టిన సమయంలోనే రాష్ట్రాలు బడికి ఎక్కువ వాటా చెల్లించవలసి వచ్చింది. రాష్ట్రాలకు తమ స్థూల ఉత్పత్తిలో 4 శాతం దాకా అప్పు చేసుకునే వెసులుబాటును 2009-10లో కేంద్రం కల్పించింది. ఆ అప్పును దేనికి వెచ్చించాలన్నది మాత్రం ఆయా శాసనసభలకే వదిలేసింది.

హక్కు వచ్చింది, లెక్క రాలేదు

ఉచిత నిర్బంధ విద్యా హక్కు బిల్లు ఈ మాంద్యం మధ్యనే పార్లమెంటు ముందుకు రావడం ఆసక్తికరం. 2009 జులై 20న రాజ్యసభ, ఆగస్టు 4న లోక్‌సభ దాన్ని ఆమోదించాయి. మానవ వనరుల అభివృద్ధి మంత్రిగా కపిల్ సిబల్ బిల్లును నడిపించారు. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన 21-ఎ అధికరణానికి ఏడేళ్ల తర్వాత చట్టరూపం దక్కింది. చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది.

ప్రతి బిల్లుతో పాటు ఆర్థిక వివరణ పత్రం జతచేయాలన్నది సభా నిబంధన. చట్టం అమలుకు ఎంత ఖర్చవుతుందో అందులో చెప్పాలి. విద్యా హక్కు బిల్లు విషయంలో ఆ మొత్తాన్ని అప్పటికి లెక్కకట్టడం సాధ్యం కాదని ప్రభుత్వం ఆ పత్రంలోనే రాసింది. పిల్లవాడికి హక్కు ఇస్తూ, దాని ధర చెప్పకుండానే రెండు సభల ఆమోదం పొందారన్నమాట. చట్టం వచ్చాక లెక్కలు వేసి, 2010-15 మధ్య అయిదేళ్లకు 2.31 లక్షల కోట్లు అవసరమని తేల్చారు. రాష్ట్రాల ఒత్తిడితో వాటాలను మళ్లీ 65:35కు తెచ్చారు. చెరి సగం పట్టిక అక్కడితో అటకెక్కింది.

చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాల కిలోమీటరు దూరంలో, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల దూరంలో ఉండాలి. ప్రాథమిక స్థాయిలో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. నారాయణఖేడ్ వంటి చోట దూరం కంటే పెద్ద సమస్య కాలం. బడి జూన్‌లో తెరుచుకుని ఏప్రిల్‌లో మూతపడుతుంది. అందులో అయిదారు నెలలు వలసకే సరిపోతాయి. అందుకే తల్లిదండ్రులు వెళ్లినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్లు నడిపారు. బడి ఆవరణలోనే పిల్లలకు రాత్రి బస, రెండు పూటలా భోజనం ఉండే ఏర్పాటిది. ఇవి శాశ్వత వసతి గృహాలు కావు. ఏటా ప్రతిపాదన పంపాలి, ఏటా మంజూరు కావాలి. మంజూరు నవంబరులో వస్తే లారీ అక్టోబరులోనే వెళ్లిపోయి ఉంటుంది. పార్లమెంటులో కేటాయింపు గురించి ఎంత వాదించినా, ఈ ఒక్క నెల తేడా అక్కడి లెక్కల్లో కనిపించదు.

2001 జనగణన నాటికి మెదక్ జిల్లా అక్షరాస్యత 51.65 శాతం. 2011 నాటికి 61.42 శాతానికి పెరిగింది. పదేళ్లలో దాదాపు పది పాయింట్లు మెరుగుపడినా ఉమ్మడి రాష్ట్ర సగటు కంటే వెనుకే ఉంది.

పని ఊళ్లో ఉన్నా వలస ఎందుకు?

ఉపాధి హామీకి నిధులు పెరిగితే వలస ఆగాలి కదా అన్న ప్రశ్న సహజం. కొంత తగ్గింది కూడా. పూర్తిగా ఆగకపోవడానికి కారణం సొమ్ము చేతికందే తీరులో ఉంది. చెరకు మేస్త్రీ సీజనుకు ముందే పెద్ద మొత్తం అడ్వాన్సుగా ఇస్తాడు. పెళ్లి ఖర్చుకో, పాత అప్పుకో, బోరుబావికో అది వెంటనే ఉపయోగపడుతుంది. ఆ తర్వాత నెలల తరబడి నరికిన చెరకు టన్నుల లెక్కన అప్పు తీరుతుంది. ఉపాధి హామీలో ముందు పని, తర్వాత కొలత, ఆ తర్వాత కూలి. పదిహేను రోజుల్లోగా చెల్లించాలన్న నిబంధన ఉన్నా జాప్యాలు మామూలే. పైగా తెలంగాణలో ఈ పనులు ఎక్కువగా వేసవిలో సాగుతాయి. చెరకు నరికేది శీతాకాలంలో. ఏడాదికి వంద రోజుల పని దొరికినా, అవసరమైన రోజున అడ్వాన్సు దొరకదు.

అందువల్ల 39,100 కోట్లు అన్న అంకె మీద సభలో ఎంత చర్చ జరిగినా, కూలి ఎప్పుడు, ఎన్ని రోజులకు అందుతోందన్న ప్రశ్నే తండాకు ముఖ్యం.

చర్చకు నోచుకోని పద్దులు

బడ్జెట్ చర్చ అంటే ప్రసంగం రోజున టీవీల్లో కనిపించేదే అన్న అభిప్రాయం ఉంది. రాజ్యాంగం ప్రకారం ప్రక్రియ అంతకంటే పెద్దది. 112వ అధికరణం కింద వార్షిక ఆర్థిక నివేదికను సభ ముందుంచుతారు. దానిపై సాధారణ చర్చ జరుగుతుంది. ఆపై 113వ అధికరణం కింద శాఖలవారీగా పద్దులు ఓటింగ్‌కు వస్తాయి. పద్దులన్నీ ఆమోదం పొందాక 114వ అధికరణం కింద ద్రవ్య వినిమయ బిల్లు వస్తుంది. అది చట్టమైతేనే ఖజానా నుంచి రూపాయి తీయగలరు. ఎన్నికల ఏడాదిలోనో, పూర్తి బడ్జెట్ ఆలస్యమైతేనో కొన్ని నెలల ఖర్చుకు 116వ అధికరణం కింద ఓటాన్ అకౌంట్ తీసుకుంటారు. 2009 ఫిబ్రవరి 16న మధ్యంతర బడ్జెట్, జులైలో పూర్తి బడ్జెట్ వచ్చింది అందుకే.

లోక్‌సభలో ఏ శాఖల పద్దులపై విడిగా చర్చ జరపాలో ముందే ఎంపిక చేస్తారు. సాధారణంగా నాలుగైదుకు మించవు. గడువు ముగిసిన రోజున స్పీకర్ మిగిలిన పద్దులన్నింటినీ ఒకేసారి ఓటింగ్‌కు పెడతారు. దీన్నే గిలెటిన్ అంటారు. విద్య, గ్రామీణాభివృద్ధి పద్దులు గిలెటిన్ కింద ఆమోదం పొందడం అరుదేమీ కాదు. 2018 మార్చి 14న అన్ని శాఖల పద్దులు, ఆర్థిక బిల్లు కలిపి సుమారు అరగంటలో చర్చ లేకుండానే నెగ్గాయి. 2023 మార్చి 23న సుమారు 45 లక్షల కోట్ల బడ్జెట్ పద్దులు నినాదాల మధ్య అదే విధంగా గట్టెక్కాయి. ఆ రెండుసార్లూ ఏ పార్టీ కారణమన్నది వేరే వివాదం.

అయితే పరిశీలన అసలే లేదనడం సరికాదు. 1993 నుంచి శాఖల స్థాయీ సంఘాలు పనిచేస్తున్నాయి. మొదట 17 ఉండగా 2004లో వాటిని 24కు పెంచారు. సభలో మాట్లాడని పద్దులను సైతం ఈ సంఘాలు పరిశీలించి నివేదిక ఇస్తాయి. గత ఏడాది ఇచ్చినదాంట్లో ఎంత ఖర్చయింది, మిగిలింది ఎందుకు మిగిలింది అన్న ప్రశ్నలు అక్కడే వస్తాయి. ఆ సిఫార్సులకు ప్రభుత్వం కట్టుబడి ఉండనవసరం లేదు.

పద్దును వ్యతిరేకించే సభ్యుడికి కోత తీర్మానాలు మూడు రకాలుగా అందుబాటులో ఉన్నాయి. విధానాన్నే తప్పుపట్టాలంటే పద్దును ఒక్క రూపాయికి తగ్గించాలని కోరతారు. దుబారాను ఎత్తిచూపాలంటే ఫలానా మొత్తం తగ్గించాలంటారు. స్థానిక ఫిర్యాదు వినిపించాలంటే వంద రూపాయల కోత ప్రతిపాదిస్తారు. ఒక మారుమూల బడికి గోడలు లేవని చెప్పడానికి ఈ వంద రూపాయల తీర్మానమే దారి. 2010 ఏప్రిల్ 27న ఇంధన ధరల పెంపుపై ప్రతిపక్షాలు తెచ్చిన కోత తీర్మానం 201-289 ఓట్లతో వీగిపోయింది. మాంద్యం తర్వాతి ఆ బడ్జెట్‌లో ప్రభుత్వాన్ని వణికించిన ఓటింగ్ అదే. అది పెట్రోలు కోసం జరిగింది, బడి కోసం కాదు.

ఇవి కాక ప్రశ్నోత్తరాల సమయం, జీరో అవర్, 377వ నిబంధన కింద ప్రస్తావన ఉన్నాయి. చేతిలో నేరుగా ఉండే సొమ్ము ఎంపీ లాడ్స్. 1998 నుంచి ఏడాదికి 2 కోట్లుగా ఉన్న ఈ నిధిని 2011-12లో 5 కోట్లకు పెంచారు. అదనపు తరగతి గది, ప్రహరీ, తాగునీటి బోరు వంటివి దీంతో చేపట్టవచ్చు.

అయిదో వంతు కుంచించుకుపోయిన బడ్జెట్

రాష్ట్ర శాసనసభలో మాంద్యం పేరెత్తి బడ్జెట్‌ను తగ్గించిన ఘట్టం 2019లో చోటుచేసుకుంది. అప్పటికి నారాయణఖేడ్ కొత్తగా ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో ఉంది. 2019 ఫిబ్రవరి 22న ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్ రావు 1,82,017 కోట్ల అంచనాతో ఓటాన్ అకౌంట్ బడ్జెట్‌ను ప్రవేశపెట్టారు. సెప్టెంబరు 9న ఆయనే తెచ్చిన పూర్తిస్థాయి బడ్జెట్ 1,46,492 కోట్లకు దిగింది. అంటే ఆరున్నర నెలల్లో 35,525 కోట్లు, దాదాపు అయిదో వంతు కోత. దేశవ్యాప్తంగా నెలకొన్న ఆర్థిక మందగమనమే కారణమని ముఖ్యమంత్రి సభకు వివరించారు. అంతకు ముందు రోజే ఆర్థిక మంత్రిగా ప్రమాణం చేసిన టి.హరీశ్ రావు శాసనమండలిలో బడ్జెట్ చదివారు.

ఫిబ్రవరి అంచనాల్లో నిరుద్యోగ భృతికి 1,810 కోట్లు చూపారు. నెలకు 3,016 రూపాయలు ఇస్తామన్నది 2018 ఎన్నికల హామీ. ఆ భృతి అమలులోకి రాలేదు. కోత పడిన ఏడాదిలో ఏది ఆగుతుందో తెలుసుకోవాలంటే కొత్త పథకాలను చూస్తే చాలు. జీతాలు, పింఛన్లు, వడ్డీలు ఆపలేరు. నడుస్తున్న నగదు బదిలీ పథకాలను ఆపితే వెంటనే వీధిలో తెలుస్తుంది. మిగిలేవి బడి మరమ్మతు, కొత్త నియామకం, ఇంకా మొదలుకాని హామీ. ఇది ఏ ఒక్క ప్రభుత్వానికో పరిమితమైన లక్షణం కాదు.

డీఎస్సీ నిరీక్షణ

బడి నిధులు, నిరుద్యోగం ఒకే చోట కలిసేది ఉపాధ్యాయ నియామకాల్లో. ఆర్థిక శాఖ దృష్టిలో ఉపాధ్యాయ పోస్టు శాశ్వత వ్యయం. తండా పాఠశాలకు అది రెండో టీచరు. డీఎడ్, బీఎడ్ పూర్తిచేసి హైదరాబాద్ కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే యువకుడికి అదే జీవితం.

మాంద్యం మొదలైన నెలల్లో వచ్చిన డీఎస్సీ-2008 ఇందుకు ఉదాహరణ. సెకండరీ గ్రేడ్ పోస్టుల్లో 30 శాతాన్ని డీఎడ్ అభ్యర్థులకు కేటాయించడంతో మెరిట్ ఉండి కూడా నష్టపోయామని బీఎడ్ అభ్యర్థులు న్యాయపోరాటానికి దిగారు. రాష్ట్రం విడిపోయింది, ప్రభుత్వాలు మారాయి. వారిలో అర్హులైన వారిని తెలంగాణ ప్రభుత్వం 2025లో కాంట్రాక్టు పద్ధతిపై తీసుకుంది. నోటిఫికేషన్ నాటికి పాతికేళ్ల వయసున్నవారు అప్పటికి నలభై దాటారు.

తెలంగాణ వచ్చాక 2017లో 8,792 పోస్టులతో టీఆర్‌టీ, 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో డీఎస్సీ ప్రకటనలు వెలువడ్డాయి. రెండింటి మధ్య ఆరేళ్లకు పైగా విరామం. ఆ ఖాళీని కొంతకాలం విద్యా వాలంటీర్లతో పూడ్చారు. కొవిడ్ కారణంగా బడులు మూతపడిన తర్వాత వారిని కొనసాగించలేదు. బడికి టీచరు కొరత, ఊరికి ఒక నిరుద్యోగి. రెండు నష్టాలూ ఒకే ఉత్తర్వుతో వచ్చాయి.

కొవిడ్ ఏడాది పునరావృతం

2009 నాటి తీరు 2020-21లో మరింత స్పష్టంగా కనిపించింది. ఉపాధి హామీకి బడ్జెట్‌లో కేటాయించింది 61,500 కోట్లు. లాక్‌డౌన్‌తో వలస కూలీలు ఇళ్లకు చేరడంతో 2020 మేలో మరో 40,000 కోట్లు ప్రకటించారు. సవరించిన అంచనా 1,11,500 కోట్లకు చేరింది. అదే ఏడాది విద్యాశాఖ కేటాయింపు 99,312 కోట్ల నుంచి సవరించిన అంచనాల్లో 85,089 కోట్లకు తగ్గింది. సర్వశిక్షా అభియాన్ స్థానంలో 2018లో వచ్చిన సమగ్ర శిక్ష 38,751 కోట్ల నుంచి 27,957 కోట్లకు పడిపోయింది. బడులు మూసి ఉన్నాయి కాబట్టి ఖర్చు లేదన్నది వాదన. ఫోను లేని ఇంట్లో ఆన్‌లైన్ పాఠం వినని పిల్లవాడికి అదే ఏడాది ఎక్కువ ఖర్చు పెట్టవలసి ఉండిందన్న ప్రతివాదానికి సభలో దక్కిన సమయం స్వల్పం.

సభకే సమయం లేదు. 2020 మార్చి 23న ఆర్థిక బిల్లును చర్చ లేకుండా ఆమోదించి బడ్జెట్ సమావేశాలను ముగించారు. సెప్టెంబరు 14 నుంచి 23 వరకు జరిగిన వర్షాకాల సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్ని ఎత్తివేశారు. ఉపాధి హామీ 40,000 కోట్లతో కూడిన సుమారు 2.35 లక్షల కోట్ల అనుబంధ పద్దులు ఆ సమావేశాల్లోనే ఆమోదం పొందాయి. శీతాకాల సమావేశాలు జరగలేదు. ఎంపీ లాడ్స్‌ను 2020 ఏప్రిల్‌లో రెండేళ్లపాటు నిలిపివేసి, 2021 నవంబరులో పునరుద్ధరించారు. బడికి ఒక గది అడగడానికి ఎంపీ వద్దకు వెళ్లినా ఆ మధ్యకాలంలో ఆయన చేతిలో నిధి లేదు.

రాష్ట్రంలో ప్రైవేటు పాఠశాలల సిబ్బంది రోడ్డున పడ్డారు. కూరగాయలు అమ్మినవారు, ఉపాధి హామీ పనికి గడ్డపార పట్టినవారు ఉన్నారు. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం చొప్పున సాయం ప్రకటించింది. ప్రభుత్వ బడుల మరమ్మతులకు మూడేళ్లలో 7,289 కోట్లతో 26,065 పాఠశాలలను బాగుచేసే 'మన ఊరు-మన బడి' కార్యక్రమం 2022లో మొదలైంది. తొలి విడతకు 9,123 పాఠశాలలను ఎంపిక చేశారు.

ఖర్చయ్యాక చూసేవారు

కేటాయింపు మీద ఎంత వాదన జరిగినా, ఖర్చు మీద జరిగేది తక్కువ. ఆ పని ప్రజా పద్దుల సంఘానిది. కాగ్ నివేదికలు 151వ అధికరణం కింద చట్టసభ ముందుకు వచ్చాక, ఆ సంఘం అధికారులను పిలిచి లెక్క అడుగుతుంది. ప్రతిపక్ష సభ్యుడు దానికి అధ్యక్షత వహించడం లోక్‌సభలో 1967 నుంచి వస్తున్న సంప్రదాయం. తెలంగాణ తొలి శాసనసభలో ఆ పదవి నారాయణఖేడ్‌కే దక్కింది. కాంగ్రెస్ సభ్యుడు పి.కిష్టారెడ్డి పీఏసీ అధ్యక్షుడిగా ఉండగానే 2015 ఆగస్టు 25న గుండెపోటుతో మరణించారు. 2016 ఫిబ్రవరిలో జరిగిన ఉప ఎన్నికలో తెరాస అభ్యర్థి ఎం.భూపాల్ రెడ్డి గెలిచారు. రాష్ట్రం మొత్తం ఖర్చును ప్రశ్నించే కుర్చీ ఈ మారుమూల నియోజకవర్గానికి దక్కిన ఆ కొద్దికాలం గురించి ఆ ఉప ఎన్నిక హోరులో పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

కేటాయించినదానికంటే ఎక్కువ ఖర్చయితే 205వ అధికరణం కింద శాసనసభ దాన్ని క్రమబద్ధీకరించాలి. రాష్ట్రంలో ఈ పని పెండింగులో ఉందని కాగ్ పలుమార్లు ఎత్తిచూపింది. విద్య వంటి శాఖల్లో సమస్య దీనికి భిన్నమైనది. సొమ్ము మిగిలిపోవడం, లేదా ఏడాది చివర్లో విడుదల కావడం అక్కడి బెడద. సమగ్ర శిక్ష కింద బడికి వచ్చే మిశ్రమ గ్రాంటు 30 మంది లోపు పిల్లలుంటే 10,000 రూపాయలు, వంద మంది లోపు అయితే 25,000, 250 లోపు 50,000, వెయ్యి లోపు 75,000, ఆపైన లక్ష. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, మరుగుదొడ్డి శుభ్రత, చిన్న మరమ్మతులు అన్నీ ఇందులోనే. ఇరవై మంది పిల్లలున్న తండా బడికి ఏడాదంతటికీ పది వేలు. అదీ విడతలుగా వస్తుంది. మొదటి విడత వచ్చేదాకా ప్రధానోపాధ్యాయుడి జేబే ఆధారం.

ఇటీవలి అంకెలు

రాష్ట్ర బడ్జెట్‌లో విద్యకు 2023-24లో 2,90,396 కోట్లలో 19,093 కోట్లు దక్కాయి. ఇది 6.57 శాతం. 2024-25లో 2,91,159 కోట్లలో 21,292 కోట్లు (7.31 శాతం), 2025 మార్చి 19న ఉప ముఖ్యమంత్రి మల్లు భట్టి విక్రమార్క ప్రవేశపెట్టిన 2025-26 బడ్జెట్‌లో 3,04,965 కోట్లలో 23,108 కోట్లు (7.58 శాతం) కేటాయించారు. 15 శాతానికి పెంచుతామన్నది 2023లో కాంగ్రెస్ ఎన్నికల ప్రణాళికలోని మాట. ఆ ఎన్నికల్లో నారాయణఖేడ్ నుంచి కిష్టారెడ్డి కుమారుడు పి.సంజీవరెడ్డి కాంగ్రెస్ తరఫున గెలిచారు. 2024లో సురేశ్ షెట్కార్ మళ్లీ లోక్‌సభకు వెళ్లారు. అంటే హామీ ఇచ్చిన పార్టీకి చెందినవారే ఇక్కడి రెండు స్థానాల్లోనూ ఎన్నికయ్యారు.

ఉపాధి విషయంలో రెండు మార్పులు గమనించదగ్గవి. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం జహీరాబాద్ పారిశ్రామిక నగరానికి తొలి దశలో 2,361 కోట్లతో ఆమోదం తెలిపింది. అది ఇదే లోక్‌సభ నియోజకవర్గంలో ఉంది. చెరకు కత్తి పట్టిన చేతికి అందులో ఏ పని దొరుకుతుందన్నది బడి చదువు మీదే ఆధారపడుతుంది. రెండోది, 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో వీబీ-జీ రామ్ జీ చట్టాన్ని ఆమోదించడం. పని దినాలు 125కు పెరిగాయి. పాత చట్టంలో నైపుణ్యం లేని కూలీల వేతనాన్ని పూర్తిగా కేంద్రమే భరించేది. కొత్త చట్టంలో తెలంగాణ వంటి రాష్ట్రాలు 40 శాతం వాటా ఇవ్వాలి. 2009లో బడి విషయంలో తలెత్తిన వాటా ప్రశ్న ఇప్పుడు కూలికి కూడా వచ్చింది. రాబడి తగ్గిన ఏడాది రాష్ట్రం ఆ 40 శాతాన్ని ఏ పద్దు నుంచి తెస్తుందన్నది ఇకపై శాసనసభలో తేలవలసిన విషయం.

కేంద్ర బడ్జెట్ 2017 నుంచి ఫిబ్రవరి 1న వస్తోంది. పద్దులపై చర్చలు మార్చిలో సాగుతాయి. రాష్ట్ర శాసనసభ బడ్జెట్ సమావేశాలూ సాధారణంగా ఆ నెలలోనే. ఆ సమయానికి తండాల్లో సగం ఇళ్లకు తాళాలు వేసి ఉంటాయి. గానుగ ఆగి, అడ్వాన్సు లెక్క తేలి కుటుంబాలు తిరిగి వచ్చేసరికి చట్టసభలు వాయిదా పడతాయి. బడిలో వార్షిక పరీక్షలు కూడా దగ్గరపడతాయి.